"ఉన్నాడు" అన్న మాట దగ్గర కాసేపు ఆగు నాన్నా

నాన్నా, వందనాలు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఆర్టికల్ చదివాను, ఫోన్‌లో ఒకసారి, తర్వాత మా మనవరాలితో ప్రింట్ తీయించుకుని పెన్ను పట్టుకుని ఇంకోసారి. అందుకే జవాబు లేటయింది, ఏమనుకోకు. మొదటి ఆర్టికల్‌కే దేవుని నిత్యత్వం అనే టాపిక్ ఎత్తుకున్నావంటే నాకు నిజంగా సంతోషం వేసింది. చాలామంది దాని జోలికి పోరు, సాక్ష్యాలు, పండగ మెసేజ్‌లు, ఆశీర్వాదాల గురించి రాసుకుంటూ పోతారు, అవీ కావాలి కానీ ఆశీర్వదించేవాడు ఎవరో రాసేవాళ్ళు తక్కువైపోయారు.

ఇప్పుడు నా పెన్ను ఎక్కడ ఆగిందో చెప్తా. మొదటి పేజీలోనే అనాది, అనంతుడు, ఆద్యంతరహితుడు, అగోచరుడు, అప్రమేయుడు అని వరసపెట్టి రాసేశావు. ఒక్కటీ తప్పు కాదు. కానీ మనవాళ్ళు ఈ మాటలన్నీ చిన్నప్పటినుంచి ప్రార్థనల్లో వింటూనే ఉన్నారు, చెవిన పడగానే ఆమెన్ అంటారు, అంతే, లోపలికి ఏం దిగదు. వాటన్నిటికంటే పెద్ద మాట ఒకటుంది, అది మనం పొద్దున లేచిన దగ్గర్నుంచి వంద సార్లు అంటాం, "ఉన్నాడు". నువ్వు రాయాల్సింది ఆ ఒక్క మాట గురించే అని నా ఉద్దేశం.

మన తెలుగులో ఒక సంగతి చూడు. నేను టీచర్ని, ఆయన మంచివాడు, ఇది బల్ల. ఎక్కడా "ఉన్నాడు", "ఉంది" అక్కర్లేదు. మన పక్కింటివాళ్ళు ఉర్దూలో మాట్లాడితే ప్రతిదానికీ చివర్లో "హై" పెట్టాలి, ఇంగ్లీషులో "ఈజ్" పెట్టాలి, మనకి ఫలానావాడు ఫలానా అని చెప్పడానికి ఆ మాటతో పని లేదు. మరి బైబిల్లో, మండుతున్న పొదలోంచి దేవుడు పిలిచినప్పుడు మోషే నీ పేరేంటని అడిగితే, నిర్గమకాండం 3:14లో, దేవుడు ఏమన్నాడు, "నేను ఉన్నవాడను అను వాడనైయున్నాను" అన్నాడు. నేను ఫలానా అని చెప్పలేదు, ఉన్నవాణ్ణి అన్నాడు. అదే వచనంలో కింద "ఉండుననువాడు" నన్ను పంపాడని చెప్పు అంటాడు. హీబ్రూలో రెండు చోట్లా ఒకటే మాట, ఎహ్‌యే, దాన్ని ఉన్నాను అనీ చదవచ్చు, ఉంటాను అనీ చదవచ్చు. మన బైబిల్ అనువాదంలో ఒకచోట ఉన్నవాడు, ఇంకోచోట ఉండుననువాడు అని పెట్టబట్టి ఆ రెండూ మన చేతికొచ్చాయి. నేను ఈ వచనం ఎన్నోసార్లు చదివాను, ఈ తేడా చూసింది మాత్రం యాభై దాటాక.

ఇంకోటి. "నిన్న ఇంట్లోనే ఉన్నాడు" అంటాం, "ఇప్పుడూ ఇంట్లోనే ఉన్నాడు" అంటాం. నిన్నటికీ ఇవాళ్టికీ మన భాషలో ఒకటే "ఉన్నాడు". హెబ్రీ 13:8 తీసి చూడు, "యేసుక్రీస్తు నిన్న, నేడు, ఒక్కటే రీతిగా ఉన్నాడు", నిన్నకీ నేడుకీ కలిపి ఒక్క క్రియతో సరిపోయింది. ఇది మన తెలుగువాళ్ళకి దొరికిన ముక్క, వేరే భాష పుస్తకాల్లోంచి తెచ్చుకుంటే రాదు. నువ్వు ఇంగ్లీషు ప్రసంగాలు విని అవే ఉదాహరణలు తెలుగులోకి మార్చినట్టున్నావు, సముద్రం ఒడ్డున ఇసుక రేణువులు మోసే పిట్ట కథ అలాంటిదే, అది తీసేయి. ఎంత లెక్కపెట్టినా అయిపోనంత పొడుగు కాలం అని చెప్పే కథ అది. దేవుడి నిత్యత్వం అంటే చాలా పొడుగు కాలం కాదు కదా, కాలం కూడా ఆయన చేసిందే. 1600 ఏళ్ళ కిందటే ఉత్తర ఆఫ్రికాలో బిషప్‌గా ఉన్న అగస్టీను, సృష్టికి ముందు దేవుడు ఏం చేస్తున్నాడని అడిగేవాళ్ళకి ఇదే చెప్పాడు, కాలాన్ని కూడా ఆయనే చేశాడు కాబట్టి, కాలం లేనప్పుడు "అప్పుడు" అనే మాటే లేదని.

రెండో పేజీలో "దేవుడు తనను తానే సృష్టించుకున్నాడు" అని రాశావు. అది చూడగానే గుండె కలుక్కుమంది, ఎందుకంటే అచ్చం ఇదే వాక్యం నేనూ రాశాను, పెళ్ళైన కొన్నేళ్ళకి, ఒక చిన్న సంఘ పత్రికకి. అచ్చయి వచ్చాక ఒక పెద్ద పాస్టర్ అయ్యగారు ఆ పత్రిక చేత్తో పట్టుకుని లాలాగూడలో మా రైల్వే క్వార్టర్‌కి వచ్చారు, టీ తాగారు, పిల్లల్ని పలకరించారు, వెళ్ళేముందు గుమ్మంలో నిలబడి అడిగారు, "అమ్మా, తనను తాను చేసుకోవాలంటే చేసుకోకముందే ఉండాలి కదా, ముందే ఉంటే ఇంక చేసుకోవడం ఎందుకమ్మా?" అని. అంతే. ఒక్క మాట కోప్పడలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, తప్పు రాసినందుకు కాదు, నేను రోజూ ప్రార్థించే దేవుడి గురించి ఇంత తేలిగ్గా రాసేశానే అని. ఆయన్ని ఎవరూ చేయలేదు, ఆయన కూడా చేసుకోలేదు, ఆయన మొదలవ్వలేదు. ఉన్నాడు.

స్వయంభువు అనే మాట కూడా అందుకే జాగ్రత్తగా వాడు. పాతకాలం అయ్యగార్లు ప్రార్థనలో "స్వయంభవుడా" అని పిలిచేవాళ్ళు, ఎవరూ పుట్టించనివాడు అనే అర్థంలోనే పిలిచారు, వాళ్ళని తప్పు పట్టను. కానీ మాటకి మాట అర్థం తీస్తే తనంతట తాను పుట్టినవాడు అని వస్తుంది, పైగా మన చుట్టుపక్కల స్వయంభువుగా వెలిసిన దేవుడు అంటే జనాలకి వేరే ఒక చిత్రం కళ్ళ ముందుకొస్తుంది, అది వాళ్ళ నమ్మకం, దాన్ని మనం ఏమీ అనక్కర్లేదు. మనం చెప్పేది ఒకరోజు వెలిసిన సంగతి కాదు. యోహాను 5:26లో చక్కని తెలుగు ఉంది, "తనంతట తానే జీవముగలవాడు". దాన్ని వాడు. థియాలజీ చదివినవాళ్ళు దీన్నే ఆసెయిటీ అంటారు, లాటిన్‌లో ఆ సే అంటే తననుండే అని, ఆ పేరు నీ ఆర్టికల్‌లో ఒక్కసారి వస్తే చాలు.

ఇప్పుడు నాకు బాధ కలిగించే సంగతి ఒకటి చెప్తా. సండే స్కూల్లో ఒక పిల్లాడు, ఏడేళ్ళు ఉంటాయేమో, చెయ్యెత్తి "ఆంటీ, అన్నిటినీ దేవుడు చేశాడు కదా, మరి దేవుణ్ణి ఎవరు చేశారు?" అని అడిగాడు. నేను "అలా అడక్కూడదు నాన్నా, తప్పు" అన్నాను. వాడు చెయ్యి దించేశాడు, మళ్ళీ ఆ సంవత్సరమంతా ఏమీ అడగలేదు. వాడు అడిగింది తప్పేం కాదు, చాలా మంచి ప్రశ్న, నా దగ్గరే జవాబు లేదు. ఇవాళైతే వాడికి ఆ పొద చూపించేదాన్ని. మా అమ్మ పెరట్లో నీళ్ళ కాగు కింద కట్టెల పొయ్యి పెట్టేది, ఎగదోసే పని నాది. కట్టె కొసదాకా కాలి బొగ్గైపోయేది, ఇంకో కట్టె ఎగదోయకపోతే మంట పడిపోయేది, ఒక్క నిమిషం ఆటలో పడి మర్చిపోతే బూడిదే. మనం చూసిన ప్రతి మంటా అంతే, ఏదో ఒకటి తింటేనే బతుకుతుంది. మనమూ అంతే, అన్నం తినాలి, గాలి పీల్చాలి, ఒక అమ్మ కనాలి. మోషే చూసిన పొద మండుతోంది గానీ కాలిపోవట్లేదు. అంటే ఆ మంట పొదని తినట్లేదు, దానికి కట్టె అక్కర్లేదు. తనంతట తానే మండుతోంది. ఆ మంటలోంచే "ఉన్నవాడను" అనే పేరు వినబడింది. ఎవరు చేశారు అనే ప్రశ్న కట్టె అవసరమైన మంటలకి సరిపోతుంది నాన్నా, ఈ మంటకి సరిపోదు. ఆ పిల్లాడికి ఇలా చెప్తే అర్థమయ్యేది, కనీసం చెయ్యి దించుకునేవాడు కాదు. నీ ఆర్టికల్ ఆ ప్రశ్నతో మొదలుపెడితే ఎలా ఉంటుందో ఆలోచించు.

మూడో పేజీలో మూడో పేరా మాత్రం పూర్తిగా మార్చాలి. "దేవుడు ఒంటరిగా ఉన్నాడు, ఆయనకి తోడు కావాలి, అందుకే మనిషిని చేశాడు" అని రాశావు. ఇది ప్రసంగాల్లో చాలాసార్లు వింటాం, వినడానికి తియ్యగా ఉంటుంది, కానీ నువ్వు మొదటి రెండు పేజీల్లో కట్టిందంతా ఇక్కడ కూలిపోతుంది. మనం లేకపోతే ఆయనకి లోటు ఉంటే ఆయన తనంతట తానే జీవముగలవాడు ఎలా అవుతాడు? కీర్తన 50:12లో ఆయనే అంటాడు, "నేను ఆకలిగొనినను నీతో చెప్పను" అని. పౌలు ఏథెన్సులో అరేయొపగు అనే పెద్దల సభ ముందు నిలబడి చెప్పింది కూడా ఇదే, అపొస్తలుల కార్యములు 17:25, తనకేదో కొదువ ఉన్నట్టు మనుషుల చేతులతో సేవ చేయించుకునేవాడు కాడు, అందరికీ ఊపిరి ఇచ్చేవాడు ఆయనే అని. ఒంటరితనం అసలే లేదు, లోకం పునాది వేయకముందే తండ్రి నన్ను ప్రేమించాడని యోహాను 17:24లో యేసే చెప్పాడు కదా. ప్రేమ అప్పటికే అక్కడ నిండుగా ఉంది. ఆయనకి మనతో అవసరం లేదు, అయినా మనల్ని చేశాడు, ప్రేమించాడు. అవసరం కోసం ప్రేమించేవాళ్ళు అవసరం తీరాక ఏం చేస్తారో మనందరికీ తెలుసు. ఆయన ప్రేమ అలాంటిది కాకపోవడానికి కారణం ఆయన ఉన్నవాడు కావడమే. ఈ ముక్క రాసేటప్పుడు తొందరపడకు, ఇంకో పేజీ ఎక్కువైనా ఫర్వాలేదు.

ఇది నాకు నేర్పింది రైలు పట్టాల పక్కన బస్తీలో ఉండే ఒకామె. గిన్నెలు తోమే పని చేసేది. కాటేజ్ ప్రేయర్‌లో, అదే ఇళ్ళల్లో పెట్టుకునే ప్రార్థనలో, నేను "ఉన్నవాడు" అని నిర్గమకాండం చదువుతుంటే, "అంటే ఉన్నోడా అమ్మా, మా లెక్క లేనోడు కాదన్నట్టు" అంది. ఉన్నోళ్ళు లేనోళ్ళు అంటాం కదా, ఆ ఉన్నోడు అనుకుంది. సరిదిద్దబోయి ఆగిపోయాను. ఆమె పొరపాటు పడలేదు, ఆయనకి ఏ కొదువా లేదని పౌలు చెప్పిందే ఆమె ఒక్క ముక్కలో చెప్పింది. అయితే మన ఉన్నోళ్ళకి ఉన్నది రేపు పోవచ్చు, ఈయనకి ఉన్నది ఆయన ప్రాణమే, ఎవరూ ఇచ్చింది కాదు, ఎవరూ తీసుకోలేరు. ఆ రోజు అందరికీ ఇదే చెప్పాను.

బిషప్‌లందరూ కూడిన నైసియా సభ గురించి రెండు లైన్లు రాసి వదిలేశావు. తేదీ కరెక్టే, 325. కానీ గొడవ దేనికో చెప్పలేదు. అలెగ్జాండ్రియాలో అరియస్ అనే సంఘ పెద్ద, కుమారుడు లేని సమయం ఒకటి ఉంది అన్నాడు. అంటే కుమారుడు కూడా చేయబడినవాళ్ళ లెక్కలోకి వస్తాడు. నైసియా సభ దాన్ని ఒప్పుకోలేదు, ఆయన తండ్రినుంచి జనించినవాడే గానీ చేయబడినవాడు కాడు, తండ్రితో ఏకత్వం గలవాడు అని విశ్వాస ప్రమాణంలో రాసింది. పుస్తకం వెతుక్కోకుండా మన యోహాను సువార్తలోనే ఇది కనబడుతుంది చూడు, "ఆదియందు వాక్యముండెను", వాక్యమంటే కుమారుడే, ఆయనకి ఉండెను. సృష్టి దగ్గరికి వచ్చేసరికి "సమస్తమును ఆయన మూలముగా కలిగెను", సృష్టికి కలిగెను. కలిగినవి వేరు, ఉన్నవాడు వేరు. అదే సువార్త 8:58లో యేసు "అబ్రాహాము పుట్టకమునుపే నేను ఉన్నాను" అన్నాడు, ఉండేవాణ్ణి అనలేదు. విన్నవాళ్ళకి అర్థమైంది కాబట్టే వెంటనే రాళ్ళు తీసుకున్నారు.

రాళ్ళంటే గుర్తొచ్చింది. మా మేడ మీదనుంచి మౌలాలి గుట్ట కనబడుతుంది. మన హైదరాబాద్ గ్రానైట్ రాళ్ళ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు అంటారు భూమి గురించి చదివినవాళ్ళు. సిటీ పెరిగేకొద్దీ ఆ బండల్ని ఎక్కడికక్కడ పేల్చేసి అపార్ట్‌మెంట్లు కట్టేశారు, నేను చిన్నప్పుడు చూసిన గుట్టలు సగం లేవు. 90వ కీర్తన మోషే ప్రార్థన, "పర్వతములు పుట్టకమునుపు" అంటుంది, అంటే గుట్టకి కూడా పుట్టుక ఉంది, పోవడం ఎలాగూ చూస్తూనే ఉన్నాం.

మా ఆయన రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసిన రోజు ఆ కీర్తనే చదువుకున్నాం. ఇరవై రెండేళ్ళు ఉన్న ఇల్లు, గోడమీద పిల్లల ఎత్తు కొలిచిన పెన్సిల్ గీతలు, అవి వదిలేసి తాళం ఇచ్చి వచ్చేయాలి. సామాను ఆటోట్రాలీలో ఎక్కించాక ఖాళీ గదిలో నేల మీద కూర్చుని ఆయన చదివారు, ప్రభువా తరతరాలుగా మా నివాసస్థలం నువ్వే అని. మోషేకి కూడా సొంతిల్లు లేదు కదా, గుడారాల్లోనే తిరిగాడు. తర్వాత పదేళ్ళకి మా ఆయన్ని భూస్థాపన చేసిన రోజు అయ్యగారు అదే కీర్తన చదివారు, డెబ్బై, బలముంటే ఎనభై అని. ఆ రోజు నాకు అనాది, అనంతుడు అనే మాటలేవీ గుర్తు రాలేదు. ఆయన లేరు, దేవుడు ఉన్నాడు అని మాత్రం అనుకున్నాను, అనుకుంటూ ఇంటికి వచ్చాను. నీ ఆర్టికల్ చదివేవాళ్ళలో అలా ఆ రోజే స్మశానం నుంచి ఇంటికి వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటారు, రాసేటప్పుడు వాళ్ళు ఎదురుగా కూర్చున్నట్టు అనుకుని రాయి.

ఇంక భాష సంగతి. వచనాలు బైబిల్లో ఎలా ఉన్నాయో అలాగే పెట్టు, గ్రాంథికంగా ఉన్నా మార్చకు, పక్కన నీ వివరణ మాత్రం నువ్వు మాట్లాడే తెలుగులో ఉండనీ. ఒక పేజీలో నాలుగు వచనాలకి మించితే చదివేవాళ్ళు ఒక్కటి కూడా తీసి చూడరు.

మార్చాక నాకు పంపేముందు మీ నానమ్మకి పైకి చదివి వినిపించు. ఆమె మధ్యలో "ఏందిరా అది" అని ఆపిన చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టు. ఆ కాగితం పట్టుకుని ఆదివారం సర్వీసు అయ్యాక ఇంటికి రా, భోజనం ఇక్కడే, ఆ గీతలు ఇద్దరం కలిసి చూద్దాం.

మీ ఆంటీ
మౌలాలి, హైదరాబాద్