బాపుకు గుండెపోటు, నాకు షుగర్.. నాకూ ముప్పు తప్పదా?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. నర్సంపేట దగ్గర మా ఊళ్లో ఎరువుల షాపు నడుపుతున్నా. ఆరేళ్లుగా షుగర్ ఉంది. మా బాపు 52 ఏళ్లకే గుండెపోటుతో పోయిండు. పోయినేడు అన్నకు స్టెంట్ వేసిన్రు. మొన్న వరంగల్‌ల పరీక్ష చేయిస్తే హెచ్‌ఎస్-సీఆర్‌పీ 4.2 వచ్చింది, లోపల వాపు ఉందన్నరు. జీన్ టెస్ట్ చేయించుకొమ్మని దోస్తులు అంటున్నరు. కొలెస్ట్రాల్ గోలి నెల వాడి, కాళ్లు గుంజుతున్నయని మానేసిన. టెన్షన్‌గా ఉంది.

జవాబు: తండ్రి పోయిన వయసు దగ్గర పడుతుంటే భయం సహజమే. ముందు ఆ వాపు సంగతి చెబుతాను. ఇది పైకి కనిపించేది కాదు. షుగర్ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది. అక్కడ కొలెస్ట్రాల్ చేరుతుంది, దాన్ని మింగడానికి వచ్చిన తెల్ల రక్తకణాలు అక్కడే ఇరుక్కుపోయి రసాయనాలు వదులుతాయి. వాటిలో ఇంటర్‌ల్యూకిన్-6 ముఖ్యమైనది. దాని ప్రభావంతోనే లివర్, మీ పరీక్షలో కొలిచిన సీఆర్‌పీ అనే ప్రోటీన్‌ను తయారుచేస్తుంది. అంటే సీఆర్‌పీ పొగ లాంటిది, మంట వేరే చోట ఉంది. పుట్టుకతోనే సీఆర్‌పీ కాస్త ఎక్కువగా ఉండే జీన్ ఉన్నవాళ్లకు, ఆ ఒక్క కారణంతో గుండెపోట్లు పెరగలేదు. ఇంటర్‌ల్యూకిన్-6 పనిని కొంత తగ్గించే జీన్ ఉన్నవాళ్లకు మాత్రం గుండెజబ్బు తక్కువగా కనిపించింది.

హెచ్‌ఎస్-సీఆర్‌పీ 3 దాటితే రిస్క్ ఎక్కువ కిందే లెక్క. అయితే జలుబు చేసినా, చిగుళ్లు వాచినా పెరుగుతుంది. ఒంట్లో బాగున్నప్పుడు, రెండు వారాలాగి మళ్లీ చేయించండి.

జీన్ టెస్ట్‌కు డబ్బులు పెట్టకండి. మీ బాపుకు 55 ఏళ్ల లోపే గుండెపోటు వచ్చింది. వంశంలో ముప్పు ఉందనడానికి మాకు అది చాలు. దాని బదులు లైపోప్రోటీన్-ఎ అనే రక్తపరీక్ష చేయించండి. ఇది రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే ఒక రకం కణం. దాని మోతాదు చాలావరకు జీన్స్‌తోనే ఖాయమవుతుంది, తిండితో పెద్దగా మారదు, కాబట్టి జీవితంలో ఒక్కసారి చూస్తే సరిపోతుంది. డెసిలీటరు రక్తానికి 50 మిల్లీగ్రాములు దాటితే మిగతావన్నీ ఇంకా గట్టిగా అదుపు చేయాలి.

నాకు బాధ కలిగించింది మీరు గోలి మానేయడం. షుగర్ ఉండి 40 దాటినవాళ్లకు స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే గోలి) అవసరం. అది కొలెస్ట్రాల్‌తో పాటు ఈ వాపునూ తగ్గిస్తుంది. కాళ్లు గుంజితే డోసు తగ్గించవచ్చు, వేరే స్టాటిన్‌కు మార్చవచ్చు. ఈ వారమే మీ డాక్టర్‌ను కలవండి. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 70 లోపు ఉండాలి. బీడీ, సిగరెట్, అంబర్ (నమిలే పొగాకు) అలవాటుంటే పూర్తిగా వదిలేయండి. జీన్స్ పరంగా ముప్పు ఎక్కువున్నా, మంచి అలవాట్లున్నవాళ్లలో గుండెజబ్బు దాదాపు సగం తగ్గిందని 2016లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం తేల్చింది.

షుగర్ ఉన్నవాళ్లకు గుండెపోటులో ఛాతీ నొప్పి రాకపోవచ్చు. ఉన్నట్టుండి ఆయాసం, చల్లటి చెమటలు, దవడ నొప్పి వస్తే గ్యాస్ అనుకుని ఇంట్లో కూర్చోవద్దు. వెంటనే దగ్గరి ఆసుపత్రిలో ఈసీజీ తీయించుకోండి. లైపోప్రోటీన్-ఎ పరీక్ష మీ అన్నకు కూడా చేయించండి. ఎక్కువగా వస్తే మీ ఇద్దరి పిల్లలకూ చూడాలి.