అమ్మలూ, సభలో సగం ప్రశ్నలకి వదిలిపెట్టు

చి. అమ్మలుకి మామయ్య ఆశీస్సులు.

ప్రజాస్వామ్యం, విప్లవాల చరిత్ర మీద మీ యూనివర్సిటీలో మూడు సాయంత్రాలు సభలు పెడుతున్నారని, ఊళ్ళో జనానికి కూడా ప్రవేశం ఉందని, ఆ బాధ్యత నీకే అప్పగించారని విని చాలా సంతోషించాను. ఒకటే మాట ముందు చెబుతాను. సభ రెండు గంటలైతే గంట ప్రశ్నలకి వదిలెయ్యి. కింద రాసిన ఏర్పాట్లన్నీ ఆ గంటని కాపాడుకోవడానికే.

తేదీల సంగతి. మన డెల్టాలో సార్వా నాట్లప్పుడు, అంటే జులై, ఆగస్టుల్లో రైతు రాడు. అక్టోబరు, నవంబరుల్లో తుఫాను భయం. డిసెంబరు ఆఖరు నుంచి దాళ్వా నాట్లు, వాటి మీద సంక్రాంతి. ఫిబ్రవరి రెండో వారం నుంచి ఇంటర్ పరీక్షలు మొదలయ్యేలోపు చూసుకో. దాళ్వా కోతలు ఇంకా రావు, ఎండా ముదరదు. ఎన్నికల షెడ్యూలు వస్తుందనే మాట వినబడితే మాత్రం అది రాకముందే సభలు అయిపోయేలా తేదీ మార్చుకో. కోడ్ అమల్లోకి వచ్చాక హాలు ఇచ్చేవాళ్ళు కూడా వెనకాడతారు.

అనుమతి కాగితంలో 'విప్లవం' అన్న మాట ఒక్కటే కనబడితే పై అధికారి కంగారు పడతాడు. ఏ సాయంత్రం ఏ సంవత్సరాల గురించి, ఏ పత్రం చదువుతారు, ఎవరు మాట్లాడతారు, అన్నీ విడివిడిగా రాయి. అప్పుడు అది చరిత్ర సభ అని కాగితమే చెబుతుంది.

ఒక్కో సాయంత్రానికి ఒక్కటే పత్రం పెట్టుకో. ఉపన్యాసం ఎంత బాగున్నా జనం చేతిలో కాగితం లేకపోతే ప్రశ్న పుట్టదు. ఏ4 కాగితం రెండు వైపులా, 14 పాయింట్ల అక్షరం, ఎనిమిది పది వాక్యాలు మించకుండా, కుడి పక్క రాసుకోవడానికి బాగా జాగా వదిలి అచ్చు వేయించు. పైన సంవత్సరం, ఎక్కడిది, తెలుగు ఎవరు చేశారు, ఈ మూడూ ఉండాలి. వస్తారనుకున్న వాళ్ళకంటే ఇరవై ఎక్కువ తియ్యి.

మొదటి సాయంత్రానికి ఫ్రాన్సులో 1789 ఆగస్టు 26న వెలువడిన మానవ హక్కుల ప్రకటన పెట్టు. అందులో 17 అధికరణాలు. నాలుగు చాలు. ఫ్రాన్సు మనకి దూరం అంటారేమో, కాకినాడ అవతల ఫ్రెంచివాళ్ళు ఏలిన యానాం ఉంది కదా! మొదటి అధికరణం మనుషులు స్వేచ్ఛతో, సమాన హక్కులతో పుడతారంటుంది. 'మనుషులు' అన్న మాట కింద పెన్సిలుతో గీత గీయమని సభలో అందరికీ చెప్పు. గీసేదాకా ఆగు. ఆ తరవాత వక్త చేత ఈ సంగతులు వరసగా చెప్పించు: 1791లో ఒలింప్ ద గూజ్ స్త్రీల హక్కుల ప్రకటన విడిగా రాయాల్సి వచ్చింది, 1793లో ఆమె తల తీశారు. ఫ్రెంచి వలస రాజ్యాల్లో బానిసత్వం 1794లో రద్దయింది, 1802లో నెపోలియన్ మళ్ళీ తెచ్చాడు. ఇక గీత గీసిన మాట మీద ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి.

అక్కణ్ణించి యానాంకి రా. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో యానాం ఫ్రెంచి పాలన నుంచి బయటపడింది. అక్టోబరు 18న పుదుచ్చేరి దగ్గర కీళూరులో ఫ్రెంచి స్థావరాల భవితవ్యం మీద ఓటు జరిగింది. 178 మంది ప్రతినిధుల్లో 170 మంది భారత్‌లో కలవాలన్నారు, 8 మంది వద్దన్నారు. నవంబరు 1న పాలన చేతులు మారింది, చట్టరీత్యా అప్పగింత మాత్రం 1962 ఆగస్టు 16న. ఓటు వేసింది ప్రతినిధులే, జనం నేరుగా కాదు. అది సరిపోతుందా అని సభని అడుగు. నా మటుకు నాకు ఇంతకంటే మంచి ప్రజాస్వామ్య పాఠం కనబడదు.

రెండో సాయంత్రం మన్యం. అల్లూరి పేరు వినగానే సభ సినిమా వైపు జారిపోతుంది, అది ముందే ఊహించుకో. 1882 అటవీ చట్టం, పోడు మీద ఆంక్షలు, గూడెం తాసీల్దారు బాస్టియన్ రోడ్డు పనికి జనాన్ని పీడించిన తీరు, ఈ మూడూ చెప్పాకే 1922 ఆగస్టు 22 చింతపల్లి, 23 కృష్ణదేవిపేట, 24 రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడుల్లోకి వెళ్ళమను. కారణం తెలియకుండా దాడి చెబితే చప్పట్లే వస్తాయి, ప్రశ్నలు రావు.

మూడో సాయంత్రం మన రాజ్యాంగం రాసిన రాజ్యాంగ సభ. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ అందులో సభ్యురాలు. రాజ్యసభకి కనీస వయసు 35 అని ప్రతిపాదిస్తే 30 చాలని సవరణ తెచ్చిందామె. ఆ చర్చ ఇద్దరు విద్యార్థుల చేత చదివించు, పది నిమిషాలు.

వక్త ఇంగ్లీషులో మాట్లాడితే అనువాదంతో 35 నిమిషాలు కాస్తా 70 అవుతాయి. ముందే సగానికి తగ్గించమను. అనువాదకుడు భాషొక్కటే కాదు, సభ కూడా తెలిసినవాడై ఉండాలి. 1907లో బెంగాలు నాయకుడు బిపిన్ చంద్రపాల్ ఉపన్యాసాలకి రాజమండ్రి వచ్చినప్పుడు తెలుగు చెప్పింది చిలకమర్తి లక్ష్మీనరసింహం. ఆ సందర్భంలో ఆయన చెప్పిన పద్యం ఇప్పటికీ జనం నోట ఉంది.

వేదిక మీద మూడు కుర్చీలే వెయ్యి. దండలు, శాలువాలు సభకి ముందు గదిలోనే కానిచ్చేయండి. ఒక్కో సన్మానానికి నాలుగు నిమిషాలంటే ఐదుగురికి ఇరవై నిమిషాలు, అది ప్రశ్నల గంటలోంచే పోతుంది. 1923 కాకినాడ కాంగ్రెసప్పుడు ప్రదర్శన గుమ్మంలో నెహ్రూనే టికెట్ లేదని ఆపిన పిల్ల ఈ దుర్గాబాయే. ఆలస్యంగా వచ్చిన పెద్దమనిషి కోసం ముందు వరస ఖాళీ చేయించొద్దని మీ వాలంటీర్లకి అదే చెప్పు.

నూట యాభై మంది వస్తారనుకుంటే వంద కుర్చీలే పరిచి మిగతావి గోడ వార దొంతర పెట్టించు. మనవాళ్ళు వెనక నుంచి నిండుతూ వస్తారు, ముందు ఖాళీగా ఉంటే మాట్లాడేవాడికి నీరసం. సౌండు బాక్సులు మైకుల కంటే ముందుండి జనం వైపు చూడాలి. మైకు పట్టుకున్నవాడు బాక్సు ముందుకెళితే కీచుమంటుంది. జనంలో తిరగడానికి రెండు కార్డ్‌లెస్ మైకులు, వాటికి ఏ రోజుకారోజు కొత్త బ్యాటరీలు. యాంప్లిఫయర్‌ని ఇన్వర్టర్ మీద పెట్టించు.

ప్రశ్నకి నిమిషం, తరవాత గంట కొట్టాలి. మొదటి ప్రశ్న ఆడవాళ్ళకి, రెండోది విద్యార్థికి. ఈ వరస తప్పిందా, ముందు వరస పెద్దలే మైకు పట్టుకుని ఉపన్యాసాలు మొదలెడతారు. అప్పుడు "ప్రశ్న ఒక్క వాక్యంలో చెప్పండి" అని మర్యాదగా, గట్టిగా అనగలిగిన మనిషిని సమన్వయకర్తగా పెట్టు. తమ ఊరి ఆసామి ముందు నోరు విప్పలేనివాళ్ళూ ఉంటారు. వాళ్ళ కోసం గుమ్మం దగ్గర చీటీల డబ్బా, పక్కనే నాలుగు పెన్నులు ఉంచు. పేరు రాయక్కర్లేదు. తిట్లు తప్ప ఏదీ తీసెయ్యకుండా చీటీ ఉన్నదున్నట్టు చదవాలి. మిగిలిపోయిన చీటీలతోనే మర్నాడు సభ మొదలుపెట్టండి.

ఆహ్వానపత్రం అడుగున తిరుగు బస్సుల వేళలు అచ్చు వేయించడం మర్చిపోకు. నాలుగింటికి మొదలెట్టి ఆరింటికి ముగించండి. లంకల నుంచి వచ్చినవాళ్ళకి రేవు దాటే పని కూడా ఉంటుంది, వాళ్ళ చీటీలు ముందు చదవమను.

మీ మామయ్య