పాఠకుల ప్రశ్నలు: నటశిక్షణలో ప్రాణాయామం ఎంతవరకు?

ప్రశ్న: డిగ్రీ విద్యార్థుల చేత పరిషత్తు పోటీలకు నాటికలు వేయిస్తున్నాను. ఈ మధ్య శిక్షణ ఇవ్వడానికి వచ్చిన ఒకరు ప్రదర్శనకు ముందు అందరి చేత భస్త్రిక (వేగంగా, బలంగా ఊపిరి తీసి వదలడం), ఆ వెంటనే కుంభకం (ఊపిరి బిగపట్టడం) చేయించి, నాభి దగ్గర ప్రాణశక్తిని అనుభవించమంటున్నారు. మొన్న ఒక అమ్మాయికి కళ్లు తిరిగి, వేళ్లు కొంకర్లు పోయాయి. రష్యన్ నాటక దర్శకుడు స్తానిస్లావ్‌స్కీ కూడా ఇదే చేయించాడని ఆయన అంటున్నారు. నిజమేనా?
– ఒక అధ్యాపకుడు, మిర్యాలగూడ

జవాబు: ముందు ఆ అమ్మాయి సంగతి. వేగంగా, లోతుగా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. కళ్లు తిరగడం, వేళ్లు బిగుసుకుపోవడం అందువల్లనే. దాన్ని శక్తి మేల్కొనడంగా ఎవరైనా చెబితే దయచేసి నమ్మకండి. రక్తపోటు, గుండె జబ్బు, మూర్ఛ ఉన్నవారు భస్త్రిక జోలికి వెళ్లకూడదు. రంగప్రవేశానికి ముందు దానిని ఎవరి చేతా చేయించవద్దు. పతంజలి సైతం ఆసనం స్థిరపడిన తరువాతనే ప్రాణాయామమని యోగసూత్రాల రెండవ పాదం 49వ సూత్రంలో చెప్పాడు. తెర వెనుక గుండె దడదడలాడుతూ నిలబడ్డ పిల్లలకు ఆ స్థిరత్వం ఎక్కడిది?

స్తానిస్లావ్‌స్కీ విషయం సగం నిజం. 1912లో మాస్కోలో మొదలైన ఫస్ట్ స్టూడియో అనే నటశిక్షణ కేంద్రంలో ఆయన యోగాభ్యాసాలు చేయించిన మాట వాస్తవమే. అయితే ఆయన చదివిన హఠయోగ గ్రంథం రామచారక అనే పేరుతో ఒక అమెరికన్ రచయిత రాసినది. దాని నుంచి ఆయన ప్రధానంగా తీసుకున్నది కండరాల బిగువు వదిలించుకోవడం, ధ్యాసను ఒకచోట నిలపడం, ఆ ధ్యాసను కిరణాల వలె ఎదుటి నటుడికి అందించడం. ప్రాణం ఆయనకు ఎదుటివారి వైపు ప్రవహించేది. పోలెండు దర్శకుడు గ్రోతోవ్‌స్కీ హఠయోగాన్ని నటులపై ప్రయోగించి చూసి, ఆ అంతర్ముఖత్వం అభివ్యక్తిని హరిస్తున్నదని గ్రహించి, ఆసనాలను నటుడి అవసరానికి మార్చుకున్నాడు. నాభి దగ్గరే మనసు నిలిపిన విద్యార్థికి ఎదుటి పాత్ర మాట వినిపించదు. నా అభ్యంతరమంతా ఇక్కడే ఉంది.

మీ నల్లగొండ పల్లెల్లో మల్లన్న కథ చెప్పే ఒగ్గు కళాకారులను మీ విద్యార్థులకు ఒకసారి దగ్గరగా చూపించండి. కథకుడు వరుస ఎత్తుకొని వదిలిన చోట వంతపాటవారు అందుకుంటారు. ఆ కాస్త సందులోనే అతడు ఊపిరి నింపుకొని, కళ్లు మాత్రం జనం మీది నుంచి తిప్పకుండా, తరువాతి మాటకు సిద్ధమవుతాడు.

ఆ శిక్షకుడిని మానిపించనక్కర లేదు, అభ్యాసాన్ని మార్చమనండి. రిహార్సలుకు ముందు పిల్లలను వెల్లకిలా పడుకోబెట్టి, కడుపు మీద చెయ్యి వేయించి, నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు ఊపిరి తీసి ఆరు అంకెలసేపు మెల్లగా వదలమనండి. నిశ్వాసం నిడుపైతే గుండె నెమ్మదిస్తుంది. కుంభకం వద్దు. పది నిమిషాల తరువాత లేపి, పది అడుగుల దూరంలో నిలబడిన తోటి నటుడికి అదే నిశ్వాసం మీద ఒక వాక్యం అందించమనండి. పద్యం ఉన్న నాటకమైతే మత్తేభపాదంలోని 20 అక్షరాలను ఒక్క ఊపిరిలో, చివరి అక్షరం కూడా వెనుక బల్ల దాకా వినిపించేట్లు చెప్పించండి. వాక్యం అందిందో లేదో విన్నవాడినే అడగండి, చెప్పినవాడిని కాదు.