అమ్మడూ, ముందు ఆ గడ్డి పీకెయ్

అమ్మడూ,

నువ్వు రంగులు వేసిన సిపాయి బొమ్మ ఫొటోలు చూశాను. తలపాగా మడతలు, గడ్డంలో అక్కడక్కడా నెరుపు, ఖాకీ మీద ఆ నీడలు... ఇన్నేళ్లుగా రంగులు వేస్తున్నాను, నాకు అంత ఓపిక ఏనాడూ లేదు. బొమ్మలో వంక పెట్టడానికేం లేదు. కానీ కాళ్ల కింద ఏంటే అది? నున్నటి గుండ్రటి చెక్క, దాని మీద పచ్చగా లాన్, పక్కన గులకరాయి ఒకటి. 1915లో ఫ్రాన్స్‌లో పోరాడిన సిక్కు సిపాయిని తీసుకొచ్చి ఇందిరా పార్కులో మార్నింగ్ వాక్‌కి దింపినట్టుంది. ముందు ఆ గడ్డి పీకెయ్, తర్వాత మాట్లాడుకుందాం.

బేస్, అంటే బొమ్మ కాళ్ల కింది నేల, మొదలుపెట్టే ముందు నేను చూసుకునేది ఒక్కటే. ఈ మనిషి ఎక్కడ నిలబడ్డాడు, ఏ నెల, నిన్న వాన పడిందా లేదా. దీనికి జవాబు దొరికితే ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో దానంతట అదే తేలిపోతుంది. మీ వాడు ఉత్తర ఫ్రాన్స్‌లో న్యూవ్ షాపెల్ అనే ఊరి దగ్గర ఉన్నాడని నువ్వే చెప్పావు. ఆ యుద్ధం 1915 మార్చి 10 నుంచి 13 దాకా జరిగింది. అది చలి ఇంకా వదలని కాలం, పల్లపు నేల, కాస్త తవ్వితే నీళ్లు ఊరేవి. అందుకే అక్కడ లోతు కందకాలు తవ్వడం కుదరక నేల మీదే ఇసుక బస్తాలు పేర్చి గోడలు కట్టుకున్నారు. అంటే నీకు కావలసింది బురద, ఒక చిన్న నీటి గుంట, నాలుగైదు బస్తాలు, బురదలో దిగబడకుండా వేసుకున్న ఒక చెక్కముక్క. అంతే, ఇంకేం వద్దు. విరిగిన తుపాకీ, ముళ్లకంచె, ఎలుక అన్నీ కలిపి పెట్టేయాలని చెయ్యి దురద పెడుతుంది, నాకు తెలుసు. అవన్నీ పెడితే చూసేవాడి కన్ను నువ్వు పదిరోజులు కూర్చుని వేసిన ఆ ముఖం మీదికి ఎప్పటికీ వెళ్లదు.

దిమ్మ సంగతి. ఏ వడ్రంగి దగ్గరికైనా వెళ్లి టేకు ముక్కలు అడుగు, పారేసేవే ఇస్తాడు. నాలుగు సెంటీమీటర్ల చదరం, ఐదు సెంటీమీటర్ల ఎత్తు చాలు. చిన్నదైపోతుందేమో అనిపిస్తుంది, కానివ్వు. ఇరుకుగా ఉంటేనే 75 మిల్లీమీటర్ల బొమ్మ నిండుగా కనిపిస్తుంది. పాలిష్ కొట్టి బాగా ఆరాక నాలుగు పక్కలా మాస్కింగ్ టేప్ చుట్టెయ్, అంతా అయ్యేదాకా తియ్యకు. నేను ఒకసారి బద్ధకించి టేప్ వెయ్యలేదు, ఫెవిక్విక్ ఆవిరికి నల్లటి పాలిష్ మీద తెల్లగా బూజు పట్టినట్టు పొర కట్టింది, ఎంత తుడిచినా పూర్తిగా పోలేదు. బొమ్మని దిమ్మ అంచుకి సమాంతరంగా నిలబెట్టకు, పాస్‌పోర్ట్ ఫొటోలా ఉంటుంది. కాస్త మూలకి తిప్పు.

ఇక కాళ్లు. నా లెక్కలో బేస్ అంటే సగం పని ఇదే. నీ ఫొటోలో బూట్లు గడ్డి మీద తేలుతున్నాయి, కింద సన్నటి వెలుతురు గీత కూడా కనిపిస్తోంది. ఆ గీత కనిపించిందంటే ఎంత గొప్పగా రంగు వేసినా అది బొమ్మే, మనిషి కాదు. ఏం చేస్తావంటే, ఎం-సీల్ రెండు ముద్దలూ సమానంగా తీసుకుని ఒకే రంగు వచ్చేదాకా పిసుకు (గ్లవ్స్ వేసుకో, చర్మానికి పడదు). దాన్ని దిమ్మ మీద ఎగుడుదిగుడుగా పరిచి తడివేలితో సరిచెయ్. బొమ్మ బూట్లకి పల్చటి ప్లాస్టిక్ కవరు ముక్క చుట్టి, ముద్ద మెత్తగా ఉండగానే కిందికి నొక్కి, నిదానంగా పైకి తియ్యి. మీ వాడి బరువంతా ముందున్న ఎడమకాలి మీద ఉంది కదా, అది కొంచెం ఎక్కువ దిగాలి, వెనక కాలికి మునివేళ్ల గుర్తు పడితే చాలు. పక్కలకి పొంగిన మట్టిని సరిచెయ్యకు, బురదలో కాలేస్తే అలాగే పొంగుతుంది. అరగంటలోపు ఇదంతా అయిపోవాలి, తర్వాత ముద్ద మాట వినదు. మర్నాడు చూడు, బూట్లు ఆ గుంటల్లో అచ్చంగా కూర్చుంటాయి.

కూర్చున్నాయి కదా అని ఫెవిక్విక్ చుక్కేసి వదలకు. మడమలో ఒక మిల్లీమీటరు రంధ్రం వేసి, పేపర్ క్లిప్ తీగ ముక్క దించి, అరల్‌డైట్‌తో అతికించు. ఫెవిక్విక్ పెళుసు, ఒక్క కుదుపుకి ఊడిపోతుంది. అలా నా అశ్వికుడు ఒకడు కొరియర్ డబ్బాలో గుర్రం ఒక చోట, తాను ఒక చోట అయి ఇంటికి చేరాడు.

బురదకి మన ఎర్రమట్టి వాడకు, రంగు చూడగానే దొరికిపోతావు. అక్కడిది బూడిద కలిసిన గోధుమరంగు. మట్టిని టీ వడపోసే జల్లెడలో జల్లించి (మీ అమ్మ చూడకుండా), పాత పెనం మీద కాసేపు వేయించి, ఫెవికాల్, రంగు కలిపి ముద్ద చేసి పులుము. వేయించకపోతే అందులో ఉన్న పురుగూ బూజూ వానాకాలంలో బయటపడతాయి. సముద్రపు ఇసుకైతే మూడు నీళ్లు కడుగు, ఉప్పు ఉంటే చెమ్మ లాగుతుంది. తినే వస్తువు మాత్రం వద్దు. కంకరలా ఉంటుందని ఒకసారి బొంబాయి రవ్వ వాడాను, వారానికల్లా చీమలు బారులు కట్టి నా రోడ్డంతా ఎత్తుకెళ్లిపోయాయి, మీ అత్తయ్య ఇప్పటికీ నవ్వుతుంది.

కొలత మర్చిపోకు. నీ బొమ్మ దాదాపు 1:24, అంటే నీ ఒక మిల్లీమీటరు వాడికి రెండున్నర సెంటీమీటర్లు. నువ్వు పెట్టిన సెంటీమీటరు గులకరాయి వాడికి తలకాయంత బండ. నిండిన ఇసుక బస్తా అర మీటరు అనుకున్నా నీకు రెండు సెంటీమీటర్లు. ఎం-సీల్ ఉండలు చేసి, కాస్త చదును చేసి, మల్లు గుడ్డతో ఒకసారి అద్దితే నేత గుర్తులు పడతాయి. ఇటుకల్లాగే, అతుకు మీద అతుకు రాకుండా పేర్చు. కింద బస్తా పై బస్తా బరువుకి నలిగి ఉండాలి, అందుకని పచ్చిగా ఉండగానే పేర్చాలి. చెక్కముక్కకి ఐస్‌ఫ్రూట్ పుల్లని నిలువునా చీల్చి వాడు.

నీటి గుంటకి ఎపాక్సీ రెసిన్ (పోశాక గాజులా గట్టిపడే ద్రవం). ఒక్కసారి రెండు మిల్లీమీటర్లకి మించి పొయ్యకు, మందంగా పోస్తే వేడెక్కి పగులుతుంది, నాదొక చెరువు అలాగే పోయింది. బురదనీళ్లు కదా, రెసిన్‌లో గోధుమరంగు సూదిమొన మీద వచ్చేంత కలుపు. పైన గాజు గ్లాసు బోర్లించు, దుమ్ము పడదు.

రంగులన్నీ అయ్యాక, అదే బురద రంగుని పాత బ్రష్‌తో బూట్ల మీదికీ, పిక్కలకి చుట్టిన పట్టీల మీదికీ కొంచెం ఎక్కించు (ఇంగ్లీషు వాళ్ల ‘పుటీ’ మన పట్టీయే, ఇక్కడి నుంచే పట్టుకెళ్లారు). మోకాలి దగ్గరికి వచ్చేసరికి సన్నటి చుక్కలై ఆగిపోవాలి. గుంట పక్కన బురదకి మెరిసే వార్నిష్, బస్తాలకి మెరుపు లేని మ్యాట్. శుభ్రమైన బూట్ల మీద బురద పుయ్యడానికి నీకు మనసొప్పదని తెలుసు. పుయ్యి.

అతికించే ముందు ఒక ఫొటో పంపు, పైనుంచి కాదు, బొమ్మ కళ్లకి నీ ఫోన్ ఎదురుగా పెట్టి తియ్యి. బూట్ల కింద వెలుతురు గీత ఇంకా ఉందో లేదో చూసి చెబుతాను.

మీ మామయ్య