హాంగ్ మ్యుంగ్ బో లాగా కోచ్ అవుతానంటున్నాడు, ఏం చేయమంటారు?

ప్రశ్న: మాది ఖమ్మం అండి. మా బాబు ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. ఫుట్‌బాల్‌లో డిఫెండర్, స్కూల్ గేమ్స్‌లో స్టేట్ దాకా ఆడాడు. కొరియా టీమ్‌కి కోచ్‌గా చేసిన హాంగ్ మ్యుంగ్ బో గురించి ఎక్కడో చదివాడట, ముందు ప్లేయర్, తర్వాత కోచ్, నా రూటూ అదే అంటున్నాడు. ఎంసెట్ మాటెత్తితే కంచం ముందు నుంచి లేచిపోతున్నాడు. బాగా ఆడితే కోచ్ ఉద్యోగం దానంతటదే వస్తుందా? ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ అన్నం తినమనండి సార్, ఖాళీ కడుపుతో డిఫెండర్ ఏం నిలబడతాడు. ఇక విషయానికొస్తే మీవాడు మంచి మనిషినే పట్టుకున్నాడు, కాకపోతే ఆయన కథ సగమే చదివినట్టున్నాడు.

ఆ సగం మాత్రం నిజంగానే గొప్పది. హాంగ్ కూడా డిఫెండరే, కొరియా యూనివర్సిటీలో చదువుకుంటూ ఆడాడు, 1990 నుంచి 2002 దాకా వరసగా నాలుగు వరల్డ్ కప్‌లు ఆడాడు. 2002లో కెప్టెన్. స్పెయిన్‌తో క్వార్టర్ ఫైనల్ గ్వాంగ్జులో, 120 నిమిషాలు ఆడినా ఒక్క గోల్ లేదు, పెనాల్టీలకి వెళ్ళింది, స్పెయిన్ వాళ్ళ నాలుగోది కొరియా గోల్‌కీపర్ ఆపేశాడు, ఐదోది హాంగ్ కొడితే సెమీస్. కొట్టేశాడు. గ్రౌండ్‌లో మొహం గంటు పెట్టుకుని ఉండే మనిషి ఆ రోజు చేతులు రెండూ చాచి నవ్వుకుంటూ పరిగెత్తాడు, మీవాడు చూసింది ఆ వీడియోనే అయ్యుంటుంది. ఆ టోర్నీలో బెస్ట్ ప్లేయర్లలో మూడో స్థానం, బ్రాంజ్ బాల్, ఆయనకే ఇచ్చారు.

ఇంత పేరున్న మనిషిని ఆట మానగానే కూర్చోబెట్టి కోచ్‌ని చేసేశారా అంటే, లేదు. 2004లో లాస్ ఏంజెలెస్ గెలాక్సీలో ఆడటం ఆపేశాడు, 2005లో నేషనల్ టీమ్‌లోకి వచ్చింది అసిస్టెంట్‌గా. బాస్ డచ్ ఆయన డిక్ అడ్వొకాట్, ఆయన తర్వాత పిమ్ వెర్బీక్ కింద కూడా అసిస్టెంటే. 2009లో సొంతంగా టీమ్ ఇచ్చారు, అది కూడా అండర్-20 పిల్లల టీమ్. అంటే దేశం మొత్తం గుర్తుపట్టే కెప్టెన్ నాలుగేళ్ళ పాటు వేరే వాళ్ళ వెనకాల నిలబడి పని నేర్చుకున్నాడు. మీవాడికి ఈ ముక్క ఒక్కటి చదివి వినిపించండి చాలు.

ఆ అండర్-20 వాళ్ళు వరల్డ్ కప్‌లో క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్ళారు. అదే బ్యాచ్‌లో కొందరిని పెట్టుకుని 2012 లండన్ ఒలింపిక్స్‌కి వెళ్ళి, బ్రాంజ్ మ్యాచ్‌లో జపాన్‌ని 2-0తో కొట్టాడు. కొరియాలో మగపిల్లలకి ఆర్మీ సర్వీస్ తప్పనిసరి, ఒలింపిక్ మెడల్ వస్తే దాన్నుంచి మినహాయింపు ఉంటుంది, అంటే ఒక్క మ్యాచ్ మీద ఆ కుర్రాళ్ళ కెరీరే ఆధారపడి ఉంది. ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. పార్క్ చు యంగ్ అనే స్ట్రైకర్ ఆర్మీ సర్వీస్ వాయిదా వేయించుకున్నాడని జనం తిట్టిపోస్తుంటే, హాంగ్ అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని ప్రెస్ మీట్ పెట్టి, ఇతను ఆర్మీకి వెళ్ళకపోతే ఇతని బదులు నేను వెళ్తా అన్నాడు. జపాన్ మీద ఫస్ట్ గోల్ ఎవరు కొట్టారనుకున్నారు, అతనే.

ఇక్కడితో ఆపితే సినిమా కథ అయిపోతుంది. 2013లో సీనియర్ టీమ్ చేతికొచ్చింది, వరల్డ్ కప్‌కి ఏడాదే టైమ్. క్లబ్‌లో రెగ్యులర్‌గా ఆడేవాళ్ళనే తీసుకుంటానని తనే చెప్పి, మ్యాచ్‌లు దొరక్క బెంచ్ మీదున్న అదే పార్క్‌ని బ్రెజిల్ తీసుకెళ్ళాడు. రష్యాతో డ్రా, అల్జీరియా చేతిలో 4-2, బెల్జియం చేతిలో 1-0, టీమ్ ఇంటికి. ఇంచన్ ఎయిర్‌పోర్ట్‌లో దిగితే జనం మన జీళ్ళ లాంటి మిఠాయి విసిరారు, అక్కడ అది తిట్టు కింద లెక్క. జులైలో రాజీనామా. రెండేళ్ళ కింద ఏ నమ్మకాన్ని మెచ్చుకున్నారో దాన్నే పక్షపాతం అన్నారు, కోచ్ పనిలో ఇది మామూలే, మ్యాచ్ ఓడితే నిన్నటి మంచి నిర్ణయం కూడా తప్పే అవుతుంది.

తర్వాత చైనాలో హాంగ్జౌ క్లబ్‌కి వెళ్తే ఆ టీమ్ కింది డివిజన్‌కి పడిపోయింది. 2017 చివర్లో కొరియా ఫుట్‌బాల్ అసోసియేషన్‌లో ఆఫీసు ఉద్యోగం, జనరల్ సెక్రటరీగా. చాలామంది ఇక ఈయన కోచింగ్ అయిపోయిందనే అనుకుని ఉంటారు, కానీ ఉల్సాన్ క్లబ్‌కి వచ్చి 2022లో లీగ్ గెలిపించాడు, ఆ క్లబ్‌కి 17 ఏళ్ళ తర్వాత వచ్చిన టైటిల్ అది, 2023లో మళ్ళీ గెలిచాడు. 2024లో నేషనల్ టీమ్‌కి తిరిగొస్తే ఆయన్ని కోచ్‌గా ఎంచుకున్న తీరు సరిగ్గా లేదని స్టేడియంలోనే అరిచారు, పార్లమెంటుకి పిలిచి ప్రశ్నలు వేశారు. అంత గోలలోనూ 2025 జూన్‌లో టీమ్‌ని వరల్డ్ కప్‌కి క్వాలిఫై చేయించాడు.

ఇప్పుడు మీ ప్రశ్న. బాగా ఆడితే కోచ్ ఉద్యోగం దానంతటదే రాదండి, అది వేరే చదువు, వేరే క్యూ. మన దగ్గర ఆ క్యూ ఆల్ ఇండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ ఇచ్చే కోచింగ్ లైసెన్సులతో మొదలవుతుంది, డి, సి, బి, ఎ, పైన ప్రో. ఒక్కోదానికీ మధ్యలో కోచింగ్ అనుభవం చూపించాలి, కాబట్టి ఏళ్ళు పడుతుంది. రెండో దారి పటియాలాలోని ఎన్‌ఐఎస్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్స్) కోచింగ్ డిప్లొమా, స్కూళ్ళు, స్పోర్ట్స్ అథారిటీ ఉద్యోగాలకి పనికొస్తుంది, దానికి సాధారణంగా డిగ్రీ కావాలి. స్కూల్లో పీఈటీ అవ్వాలన్నా ఇంటర్ తర్వాత వ్యాయామ విద్య డిప్లొమా గానీ, డిగ్రీ తర్వాత బీపీఎడ్ గానీ కావాలి. చదువు మానేస్తా అనే పిల్లలకి నేను చెప్పేది ఇదే, ఏ వైపు తిరిగినా ఏదో ఒక చదువు అడుగుతారు బాబూ.

క్లబ్ కోచ్ ఉద్యోగాల సంగతి కూడా దాచకుండా చెప్తాను, పెద్దగా లేవు, ఉన్నవి గ్యారంటీ కాదు. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ క్లబ్ నాలుగేళ్ళు తిరక్కుండా ఢిల్లీకి వెళ్ళిపోయింది. అయినా దారి పూర్తిగా మూసుకోలేదు. ఇండియాకి 1951, 1962 ఏషియన్ గేమ్స్ గోల్డ్ తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ హైదరాబాద్‌లో స్కూల్ టీచర్. 2025లో ఇండియా కోచ్ అయిన ఖాలిద్ జమీల్‌కి గాయాల వల్ల ఆట పెద్దగా సాగలేదు, ఐజ్వాల్ అనే చిన్న క్లబ్‌తో ఐ-లీగ్ గెలిచి పైకొచ్చాడు.

కాబట్టి ఎంసెట్ రాయమనండి, బీటెక్కే చేయాలని మాత్రం పట్టుబట్టకండి. మంచి యూనివర్సిటీ టీమ్ ఉన్న కాలేజీలో ఏ డిగ్రీ అయినా పర్లేదు, ఇంటర్ యూనివర్సిటీ ఆడతాడు, స్పోర్ట్స్ కోటాలో రైల్వే, పోలీస్ ఉద్యోగాలకి ట్రై చేసుకోవచ్చు. పద్దెనిమిది నిండాక ఫెడరేషన్ సైట్‌లో డి లైసెన్స్ కోర్సులు ఎక్కడ పెడుతున్నారో చూస్తూ ఉండమనండి. ఈలోపు వాళ్ళ పాత స్కూల్ పీఈటీ సార్‌తో మీరే మాట్లాడి, ఆదివారం పొద్దున సిక్స్త్, సెవెంత్ పిల్లల్ని వీడికి అప్పజెప్పమనండి. పాస్ చేయరా అంటే వినకుండా అందరూ బంతి వెనకాలే పరిగెత్తే ఇరవై మందిని రెండు నెలలు ఓపిగ్గా తిప్పుకుంటే, ఆడటం ఇష్టమా నేర్పించడం ఇష్టమా అనేది వాడికే తెలిసిపోతుంది, అప్పుడు ఏమన్నాడో నాకు మళ్ళీ రాయండి.