అడగండి, మాస్టారు చెబుతారు: వాలులో బండి

ప్రశ్న: మాస్టారూ, చాలా దూరం నడిపి వచ్చి, వాలులో కారు ఆపి హ్యాండ్‌బ్రేకు వేశాను. అరగంట తర్వాత చూస్తే వెళ్ళి గోడకు ఆనుకుని ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. ఇంట్లో అందరూ నేను హ్యాండ్‌బ్రేకు మరిచిపోయానంటున్నారు. నిజంగా వేశానండీ!

జవాబు: నమ్ముతున్నాను. నా కారు కూడా ఒకసారి ఇలాగే వెళ్ళిపోయింది. అప్పుడు నేను తరగతిలో ఏటవాలు తలం పాఠం చెబుతున్నాను. ముందు చూసింది పిల్లలే. బోర్డు మీద బాణం గుర్తులు గీస్తూ నేను చూడనేలేదు.

మీ పరువు నిలబెట్టే కారణం ఒకటుంది. దూరం నడిపి వచ్చినప్పుడు బ్రేకులు బాగా వేడెక్కి ఉంటాయి. చక్రంతో పాటు తిరిగే, వేడికి ఉబ్బిన డిస్కును ప్యాడ్లు గట్టిగానే పట్టుకుంటాయి. చల్లారేకొద్దీ ఆ లోహం కుంచించుకుపోతుంది, పట్టు సడలుతుంది. కొన్ని కార్లలో ఇది జరుగుతుంది. వాలు మాత్రం సడలదు. పది మీటర్లకు ఒక మీటరు దిగే వాలులో 1000 కిలోల కారును కిందికి లాగే బలం సుమారు 100 కిలోల బరువుకు సమానం. అంటే ఒక భారీ మనిషి బంపరుకు తాడు కట్టి, అరగంట సేపు వేలాడుతున్నాడనుకోండి.

అందుకే హ్యాండ్‌బ్రేకుతో పాటు గేరు కూడా వేయాలి. కారు ముందు భాగం కింది వైపుంటే రివర్సు, పై వైపుంటే ఫస్టు. ముందు చక్రాలను కూడా తిప్పి పెట్టండి, కదిలినా రోడ్డు అంచుకే తగిలి ఆగేలా. ఆటోమేటిక్ అయితే ముందు న్యూట్రల్ చేసి, హ్యాండ్‌బ్రేకు వేసి, కాలి బ్రేకు మెల్లగా వదిలి, బరువు దాని మీద పడ్డాక అప్పుడు ‘పి’ (పార్కింగ్)లో పెట్టండి. ‘పి’లో బండిని ఆపేది గేర్‌బాక్సులోని ఒక చిన్న ఉక్కు కొక్కెం. బరువంతా దాని మీదే వేయడం నాకు ఇష్టం ఉండదు.

ప్రశ్న: కొండ దిగుతుంటే బ్రేకుల నుంచి కాలిన వాసన వచ్చింది. కాసేపటికి పెడల్ మెత్తబడి అడుగుదాకా వెళ్ళిపోయింది. ఎలాగో ఆగాం. గంట తర్వాత చూస్తే బ్రేకు మామూలుగా పనిచేస్తోంది! మెకానిక్ ఏ లోపమూ లేదంటున్నాడు. మరి అప్పుడేమైంది?

జవాబు: పెడల్ ఒత్తిడిని చక్రాల బ్రేకులకు మోసే బ్రేక్ ఆయిల్ మరిగింది. అది గాలిలోని తేమను పీల్చుకునే రకం. పాతబడేకొద్దీ అందులో నీరు చేరి, త్వరగా మరుగుతుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా తట్టుకోవాలి, తేమ చేరితే అంత తట్టుకోదు. మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. మీరు తొక్కిందంతా ఆ బుడగలను నలపడానికే సరిపోయింది. చల్లారాక బుడగలు మాయం, పెడల్ మామూలే. ఇక మెకానిక్‌కేం కనిపిస్తుంది?

అంత వేడి ఎక్కడిదంటారా? కొండెక్కేటప్పుడు ఇంజను పెట్టిన శక్తిలో కొంత ఎత్తు రూపంలో దాచి ఉంటుంది. దిగేటప్పుడు అది ఎటో ఒకటు పోవాలి. 1000 కిలోల కారు 500 మీటర్ల ఎత్తు దిగితే వదిలే శక్తితో, 30 డిగ్రీల దగ్గరున్న 16 లీటర్ల నీళ్ళను మరిగే స్థితికి తేవచ్చు. కొంత గాలి తీసుకుంటుంది, గేరులో ఉంటే కొంత ఇంజను తీసుకుంటుంది. మిగిలిందంతా పళ్ళెమంత బ్రేకు డిస్కులదే. మీరు పై గేరులో దిగారని నా అనుమానం. వాలు మొదలవకముందే కింది గేరు వేసుకోండి. వేగం పెరిగితే బ్రేకు గట్టిగా తొక్కి, తగ్గాక వదిలేయండి. సన్నగా తొక్కి పట్టుకుంటూ దిగితే డిస్కుకు చల్లారే వ్యవధే దొరకదు. ఆయిల్ రెండేళ్ళకోసారి మార్పించండి.

మళ్ళీ పెడల్ మెత్తబడితే టెన్షన్‌లో ఇంజను ఆపేయకండి. స్టీరింగ్ బిగుసుకుపోతుంది, ఉన్న కాస్త బ్రేకూ బరువెక్కుతుంది. పెడల్‌ను గబగబా కొట్టండి, గేర్లు ఒక్కొక్కటే దించండి, హ్యాండ్‌బ్రేకు కొద్దికొద్దిగా లాగండి. ఒక్కసారిగా లాగితే వెనక చక్రాలు బిగిసి బండి తిరిగిపోతుంది.

ప్రశ్న: న్యూట్రల్‌లో దిగితే పెట్రోలు మిగులుతుందని మా బావ వాదన. నిజమేనా?

జవాబు: మీ బావగారిది కార్బురేటర్ కాలం మాట. పెట్రోలును కొలిచి చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి గేరులో ఉండి, యాక్సిలరేటర్ వదిలి దిగుతుంటే సాధారణంగా పెట్రోలు సరఫరా ఆగిపోతుంది, ఇంజనును చక్రాలే తిప్పుతాయి. న్యూట్రల్ చేస్తే ఇంజను నడవడానికి మళ్ళీ పెట్రోలు కావాలి. పైగా పై జవాబు ఆయనకు చదివి వినిపించండి.

ప్రశ్న: మా అబ్బాయి 70 పైనే నడుపుతాడు. ‘36కీ 72కీ తేడా ఎంతమ్మా, రెట్టింపేగా’ అంటాడు. ఏం చెప్పాలి?

జవాబు: లెక్క చెప్పండి. 36 కిలోమీటర్ల వేగంతో గోడకు గుద్దడమంటే సుమారు 5 మీటర్ల ఎత్తు నుంచి కింద పడినట్టు. 72 అయితే 20 మీటర్లు, ఆరంతస్తుల పైమాటే. రెట్టింపు వేగానికి నాలుగు రెట్ల ఎత్తు. బ్రేకు వేశాక బండి ఆగే దూరమూ అంతే, నాలుగింతలు. నా శిష్యులకు ఈ లెక్క బోర్డు మీద ఎక్కలేదు. మేడెక్కించి పిట్టగోడ దగ్గర నిలబెడితే ఎక్కింది.

ప్రశ్న: నా బైకు నడుస్తున్నప్పుడు ఎప్పుడూ పడలేదు. ఆగినప్పుడే పడుతోంది! నిన్న మళ్ళీ పడేశాను, నడుం పట్టేసింది. ఎత్తే పద్ధతేమైనా ఉందా?

జవాబు: మీరు ఏటవాలుగా ఉన్న చోట, కింది వైపు కాలు పెడుతూ ఉండాలి. ఆ కాలికి నేల రెండంగుళాలు ఆలస్యంగా దొరుకుతుంది. ఆలోపు బండి బరువు చక్రాల గీత దాటిపోతుంది, ఇక పట్టుకుంటే మీ నడుమే పోతుంది. పై వైపు కాలు పెట్టండి. పడిపోతోందని తేలాక వదిలేసి పక్కకు తప్పుకోండి.

ఎత్తడానికి వీపు సీటుకు ఆనించి గొంతుక్కూర్చోండి. ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో వెనక పట్టీ పట్టుకుని, చిన్న అడుగులతో వెనక్కి నెట్టుకుంటూ లేవండి. బలం కాళ్ళది కావాలి. గేరులో ఉంచండి, లేకపోతే దొర్లుతుంది. బండి కుడివైపు పడితే ఎత్తకముందే సైడ్ స్టాండు తెరిచి పెట్టండి. నేనొకసారి అది మరిచి, ఉత్సాహంగా ఎత్తి, అటువైపు పడేశాను.