సమాధానం: రాక్‌ఫెల్లర్ ఆర్కైవ్‌లో ఉత్తరాలు ఎందుకు దొరకడం లేదు

1920ల్లో మద్రాసు ప్రెసిడెన్సీలో జరిగిన హుక్‌వార్మ్ (పేగుల్లో చేరి రక్తం పీల్చే పురుగు) నిర్మూలన గురించి అమెరికా సంపన్నులైన రాక్‌ఫెల్లర్ కుటుంబ పత్రాల్లో వెతికితే ఏమీ దొరకలేదని, కనిపించినవి కూడా పెట్టెల నంబర్లే తప్ప ఉత్తరాలు కావని రాశారు కదా. టెన్షన్ పడకండి, నేనూ మొదట్లో ఈ తప్పే చేశాను.

కుటుంబం వేరు, 1913లో వాళ్లు పెట్టిన ఫౌండేషన్ వేరు. న్యూయార్క్ రాష్ట్రంలో, స్లీపీ హాలో దగ్గరున్న రాక్‌ఫెల్లర్ ఆర్కైవ్ సెంటర్‌లో రెండింటి కాగితాలూ ఉన్నాయి గానీ, విడివిడి సేకరణలుగా ఉన్నాయి. కుటుంబ పత్రాలు వదిలేయండి. మన జిల్లాల్లో పనిచేసింది ఫౌండేషన్ వారి ఇంటర్నేషనల్ హెల్త్ బోర్డు. దాని కాగితాలున్నది రికార్డ్ గ్రూప్ 5లో (రికార్డ్ గ్రూప్ అంటే ఆర్కైవ్‌లో ఒక పెద్ద విభాగం, సిరీస్ అంటే దానిలోని ఉపవిభాగం). ఇతర గ్రూపుల్లో ఇండియా ఫైళ్లకు 464 అనే సిరీస్ నంబరు కనిపిస్తుంది, అదీ రాసిపెట్టుకోండి.

ఇక ఆన్‌లైన్‌లో మీరు చూసింది జాబితా మాత్రమే. చాలా కాగితాలు ఇంకా స్కాన్ కాలేదు. గ్రూపు, సిరీస్, పెట్టె, ఫోల్డర్ నంబర్లు నాలుగూ వరసగా రాసి ఆర్కివిస్టుకు మెయిల్ పెట్టండి. "ఇండియా మీద ఏమున్నాయి?" అని అడిగితే లాభం లేదు. అక్కడికే వెళ్లాలనుకుంటే పరిశోధకులకు స్టైపెండ్ కూడా ఇస్తారు.

ఈలోగా ఫౌండేషన్ వార్షిక నివేదికలు నెట్‌లో చదవండి. వాటిలో కనిపించేది అమెరికా వాళ్ల గొంతే సుమా. ప్రభుత్వం వైపు ఫైళ్ల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్లక తప్పదు.